పంపుతోపాటు స్పేసర్‌ని కూడా ఇండెంట్‌లో పెట్టండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల ఉన్నతాధికారులకు,
మందుల కొనుగోళ్లు చూసే ఏపీఎంఎస్‌ఐడీసీ, టీజీఎంఎస్‌ఐడీసీ బాధ్యులకు,

నమస్కారం.

సీఓపీడీ (ఊపిరితిత్తుల గాలిగొట్టాలు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక జబ్బు) ఉన్నవాళ్లకు ఇన్‌హేలర్లు, అంటే మందు పీల్చే పరికరాలు, కొనిపెట్టండని అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. కాగితం మీద ఆ సంగతి ఎప్పుడో తేలిపోయింది. 2022 జాతీయ ఆవశ్యక మందుల జాబితాలో సాల్బుటమాల్, ఇప్రాట్రోపియం, టయోట్రోపియం, బుడెసొనైడ్-ఫార్మొటెరాల్ పీల్చే రూపంలో ఉన్నాయి. బీపీ, షుగర్లతోపాటు సీఓపీడీ, ఉబ్బసం కూడా జాతీయ ఎన్‌సీడీ (అంటువ్యాధులు కాని జబ్బుల) కార్యక్రమం కిందికి వచ్చాయి. మేం అడుగుతున్నది ఆ తర్వాతి సంగతి. నొక్కి పీల్చే పంపు ఇచ్చిన ప్రతి మందుల కిటికీ దగ్గరా స్పేసర్ (పంపుకూ నోటికీ మధ్య పెట్టే బోలు గొట్టం) కూడా ఇవ్వాలి, పీల్చడం చేయించి చూడకుండా ఎవరినీ ఇంటికి పంపకూడదు. ఈ రెండూ లేకపోతే పంపు మీద పెట్టే డబ్బులో పెద్ద భాగం రోగి గొంతుకు పూతగా మిగులుతుంది.

ఎందుకో చెబుతాం. పంపు నొక్కగానే మందు తుంపర్లు చాలా వేగంగా దూసుకొస్తాయి. నోటి వెనక దారి ఒక్కసారిగా కిందికి మళ్లుతుంది. ఘాట్‌రోడ్డు మలుపులో వేగం తగ్గించని లారీలాగా తుంపర్లు తిరగలేక నేరుగా గొంతు గోడకు కొట్టుకుంటాయి. పద్ధతి బాగా తెలిసినవాడు పీల్చినా ఊపిరితిత్తుల్లోకి చేరేది నూటికి 10 నుంచి 20 పాళ్లే. నొక్కడానికీ పీల్చడానికీ పొత్తు కుదరకపోతే ఆ కాస్తా చేరదు. స్పేసర్‌లో తుంపర్ల వేగం తగ్గుతుంది, లావు చుక్కలు దాని గోడలకే అంటుకుపోతాయి, సన్నవి రోగి తన తీరికలో పీల్చుకునేదాకా లోపల తేలుతుంటాయి. నొక్కిన క్షణానికే పీల్చాలన్న తొందర పోతుంది. అరవై దాటిన వాళ్లకు, కీళ్లవాతంతో వేళ్లు వంగనివాళ్లకు అసలు అవసరం ఇదే.

పంపు సరిగా వాడలేనివాడు పద్ధతిలో తప్పుందని అనుకోడు, పంపు పనిచేయదని అనుకుంటాడు. అక్కడి నుంచి మాత్రకు, సూదికి, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర పెట్టించుకునే నెబ్యులైజర్‌కు (మందును ఆవిరిలా చేసి మాస్కుతో ఇచ్చే యంత్రం) మళ్లిపోతాడు. సాల్బుటమాల్ మాత్ర 4 మిల్లీగ్రాములు. పంపులో ఒక్క పఫ్ (ఒక నొక్కు) 100 మైక్రోగ్రాములు, మామూలు మోతాదైన రెండు పఫ్‌లు కలిపితే 200. అంటే మాత్రలో ఇరవై రెట్లు మందు ఉంది. అదంతా రక్తంలో తిరిగి చేతులు వణికించి, గుండె దడదడలాడించి, ఆలస్యంగా ఊపిరితిత్తులకు కొంత చేరుతుంది. పంపు మందు అయిదు నిమిషాల్లో పని మొదలుపెట్టి నాలుగు నుంచి ఆరు గంటలు ఉంటుంది. ఇక ఎటోఫిల్లిన్, థియోఫిల్లిన్ కలిసిన మాత్రల సంగతి. మేలు చేసే మోతాదుకీ కీడు చేసే మోతాదుకీ మధ్య జాగా చాలా తక్కువ. జ్వరానికి సిప్రోఫ్లాక్ససిన్ తోడైతే థియోఫిల్లిన్ రక్తంలో పేరుకుంటుంది, వాంతులు, గుండెదడ, ముదిరితే ఫిట్స్. బీడీ మానేసినా దాని మట్టం పెరుగుతుంది, కాబట్టి బీడీ మానమని చెప్పిన నోటితోనే మాత్ర మోతాదు మళ్లీ చూడాలి. ఇంత జాగ్రత్త కావలసిన మాత్ర చవకగా దొరుకుతోందన్న ఒక్క కారణంతో పంపు కంటే ముందు చేతిలో పడుతోంది.

ఈ జబ్బు ఎవరికి వస్తోందో మీకు తెలియంది కాదు. బీడీ, చుట్ట తాగేవాళ్లకు వస్తుందని అందరికీ తెలుసు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లున్నారు. ఒక్క చుట్టా ముట్టకుండా ముప్పై ఏళ్లు కట్టెల పొయ్యి ముందు కూర్చున్నవాళ్లు ఉన్నారు. పత్తి జిన్నింగు మిల్లుల్లో, రైసు మిల్లుల్లో, రాతి క్వారీల్లో దుమ్ము మింగినవాళ్లు, పాత క్షయ మానినా ఊపిరితిత్తుల్లో మచ్చలు మిగిలినవాళ్లు ఉన్నారు. ‘పొగ తాగుతావా?’ అన్న ఒక్క ప్రశ్నతో జల్లెడ పడితే వీళ్లలో చాలామంది, ముఖ్యంగా ఆడవాళ్లు, బయటే ఉండిపోతారు. ఆశా కార్యకర్త అడగాల్సిన వాటిలో పొయ్యి, పని, పాత టీబీ కూడా ఉండాలి. జబ్బు నిర్ధారణకు మాత్రం స్పైరోమెట్రీయే (యంత్రంలోకి ఊదించి గాలిని కొలిచే పరీక్ష) దారి. 400 మైక్రోగ్రాముల సాల్బుటమాల్ పీల్పించి, 10-15 నిమిషాలు ఆగి, మళ్లీ ఊదించాలి. మొదటి సెకనులో వదిలిన గాలిని మొత్తం వదిలిన గాలితో భాగిస్తే 0.7 కంటే తక్కువ వస్తే సీఓపీడీ. అన్ని పీహెచ్‌సీల్లో యంత్రం పెట్టమనడం లేదు. ఏరియా ఆసుపత్రిలో వారానికి ఒక రోజు నడిపి, ఆ ఫలితాన్ని పీహెచ్‌సీకి తిరిగి పంపితే చాలు.

ఇప్పుడు కిటికీ దగ్గర జరగాల్సిన పని. మీ శిక్షణ పుస్తకాల్లో ఇది పెట్టదలిస్తే మా మాటలు యథాతథంగా వాడుకోవచ్చు.

స్పేసర్‌తో ఇలా. రోగి నిటారుగా కూర్చోవాలి. పంపు మూత తీసి లోపల చూడాలి, జేబులోని పొగాకు పొడో తాళంచెవి దుమ్మో చేరడం మామూలే. నాలుగైదు సార్లు బాగా ఊపాలి. కొత్త పంపైనా, చాలా రోజులు వాడకుండా ఉంచినా ముందు గాలిలోకి కొన్నిసార్లు కొట్టి చూడాలి, ఎన్నిసార్లన్నది పెట్టెలోని కాగితంలో ఉంటుంది. పంపును స్పేసర్ వెనక దూర్చి, ఊపిరి మెల్లగా వదిలి, స్పేసర్ మూతిని పళ్ల మధ్య పెట్టి పెదాలు బిగించాలి. ఒక్కసారి నొక్కాలి. మెల్లగా, లోతుగా పీల్చి, పదంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టి వదలాలి. అంతసేపు బిగబట్టలేనివాళ్లు స్పేసర్ నోట్లోంచి తీయకుండా మామూలుగా నాలుగైదు సార్లు ఊపిరి పీల్చి వదిలినా సరిపోతుంది. అర నిమిషం నుంచి నిమిషం ఆగి, మళ్లీ ఊపి, రెండో పఫ్. స్పేసర్‌లోకి రెండు మూడు పఫ్‌లు ఒకేసారి కొట్టడం అన్నిచోట్లా కనిపించే తప్పు. తుంపర్లు ఒకదానికొకటి అంటుకుని లావై గోడకు పోతాయి, రోగికి అందేది ఒక్కో పఫ్ విడిగా కొట్టినప్పటికంటే తగ్గుతుంది.

పళ్లు లేనివాళ్లకు పెదాలు బిగుసుకోవు. వాళ్లకు పెద్దల కొలత మాస్కు కావాలి, ముక్కూ నోరూ కప్పి అంచు గట్టిగా ఆనేలా. ఇండెంట్‌లో (సరుకు కోరే పట్టీలో) నూటికి కొన్ని మాస్కులు కలపకపోతే ఈ వయసువాళ్లు మిగిలిపోతారు. వేలితో నొక్కే బలం లేనివాళ్లకు రెండు చేతులతో పట్టించాలి. బొటనవేళ్లు కింద, చూపుడువేళ్లు పైన.

స్పేసర్ లేకుండా వాడక తప్పని రోజున అంతా ఒక్క క్షణం మీద ఆధారపడి ఉంటుంది. పీల్చడం మొదలైన వెంటనే నొక్కాలి, నొక్కాక కూడా నాలుగైదు సెకన్లు మెల్లగా పీలుస్తూనే ఉండాలి. నొక్కి తర్వాత పీల్చినా, చల్లని తుంపర గొంతుకు తగలగానే పీల్చడం ఆపినా, ముక్కుతో పీల్చినా మందు పోయినట్టే. పీల్చాక నోట్లోంచి పొగలాగా తెల్లగా బయటికి వస్తే పద్ధతి తప్పిందని గుర్తు.

పొడి మందు క్యాప్సూల్ పరికరాలకు పద్ధతి సరిగ్గా తలకిందులు. అక్కడ మెల్లగా పీలిస్తే పొడి కదలదు. మొదటి నుంచే జోరుగా, లోతుగా లాగాలి. పరికరాన్ని బట్టి నిమిషానికి 30 నుంచి 60 లీటర్ల వేగం కావాలి, ముదిరిన సీఓపీడీలో ఆ బలం ఉండకపోవచ్చు. అలాంటివాళ్లకు పంపూ స్పేసరే సరి. పరికరంలోకి ఊదకూడదు, తడి తగిలి పొడి ఉండకడుతుంది. సూదులతో పొడిచే రకంలో బటన్ ఒక్కసారే నొక్కి వదలాలి, పదే పదే నొక్కితే క్యాప్సూల్ పెంకులై నోట్లోకి వస్తుంది. పీల్చాక తెరిచి చూడాలి, పొడి మిగిలి ఉంటే మళ్లీ పీల్చాలి. కాకినాడ, మచిలీపట్నం లాంటి ఉక్కపోత ఊళ్లలో క్యాప్సూళ్లు ముందుగా స్ట్రిప్‌లోంచి ఒలిచి డబ్బాలో పోసుకుంటే మెత్తబడి పాడవుతాయి. ఇవన్నీ తెలిసినా తప్పిపోయే ఒక తప్పుంది. క్యాప్సూల్ కనబడితే నీళ్లతో మింగేస్తారు. మూడు నెలలు శ్రద్ధగా మింగి, గుణం లేదని చెప్పేవాళ్లు అరుదు కాదు. తప్పు వాళ్లది కాదు. చేతిలో క్యాప్సూల్ పెట్టి ‘రోజుకొకటి’ అని మాత్రమే చెప్పి పంపినవాళ్లది.

ఇక్కడే కొనుగోలు అధికారులకు ఒక మాట. ఒక ఏడు పంపు, మరుసటి ఏడు పొడి పరికరం, ఆపై ఏడు క్యాప్సూళ్లు ఒక కంపెనీవి, పరికరం ఇంకో కంపెనీది అన్నట్టు టెండరు మారితే రోగి నేర్చుకున్నదంతా వృథా. ఒకే మనిషికి ఆయాసం లేచినప్పుడు వాడే పంపూ, రోజూ వాడే పొడి పరికరమూ ఇస్తే మెల్లగా పీల్చాల్సినదాన్ని జోరుగా, జోరుగా పీల్చాల్సినదాన్ని మెల్లగా పీలుస్తాడు. అందుకే మా సలహా: ప్రభుత్వ సరఫరాలో రెండు అవసరాలకూ పంపు రకాన్నే ఎంచుకోండి. టయోట్రోపియం పంపులోనూ దొరుకుతుంది, పఫ్‌కు 9 మైక్రోగ్రాములు, రోజుకొకసారి రెండు పఫ్‌లు, స్పేసర్ అదే. రేటు కాంట్రాక్టు మారినా పరికరం రకం మారకూడదన్న షరతు టెండరులోనే రాయండి. ధరలో నాలుగు రూపాయల తేడా కోసం రకం మారిస్తే, మళ్లీ నేర్పడానికి పట్టే నర్సు సమయం ఎవరి పద్దులో రాస్తారో కూడా చెప్పాలి.

రోజూ వాడే మందు గురించి గట్టిగా చెప్పాల్సి ఉంది. సాల్బుటమాల్ ఒక్కటే ఇచ్చి చేతులు దులుపుకుంటే సీఓపీడీకి వైద్యం జరిగినట్టు కాదు. ఆయాసం రోజూ ఉన్నవాళ్లకు ఎక్కువసేపు పనిచేసే మందు కావాలి. 12 గంటలు నిలిచే ఫార్మొటెరాల్, రోజంతా నిలిచే టయోట్రోపియం, చాలామందికి రెండూ కలిపి. పీల్చే స్టిరాయిడ్ అందరికీ అక్కర్లేదు. జబ్బు తరచూ తిరగబెట్టేవాళ్లకు, రక్తంలో ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) మైక్రోలీటరుకు 300 దాటినవాళ్లకు ఎక్కువ లాభం. వాడినవాళ్లు ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది. ఉబ్బసం మాత్రం వేరు. అక్కడ స్టిరాయిడ్ లేకుండా సాల్బుటమాల్ ఒక్కటే ఇవ్వకూడదని 2019 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. రెండు జబ్బులనూ ‘దమ్ము’ అని ఒకే వరుసలో రాసే రిజిస్టరుతో ఈ తేడా నిలవదు.

లెక్క కూడా చూడండి. సాల్బుటమాల్ పంపులో 200 పఫ్‌లు ఉంటాయి. రోజుకు నాలుగుసార్లు రెండేసి పఫ్‌లైతే 25 రోజులు. రోగి నెలకో పంపు ఖాళీ చేస్తున్నాడంటే సరఫరా బాగుందని సంతోషించకండి, రోజూ వాడే మందు అందడం లేదనో, పద్ధతి తప్పిందనో దానర్థం. అంకెల మీటరు లేని పంపుతో ఇంకో చిక్కుంది. మందు అయిపోయాక కూడా లోపలి గ్యాసు తుస్సుమంటూనే ఉంటుంది. నీళ్లలో వేసి తేలితే ఖాళీ అనుకునే పాత పరీక్షను నమ్మకూడదు, పైగా నీళ్లు మొనలో చేరి మూసుకుపోతుంది. మీటరున్న పంపులే కొనండి. అవి దొరకనప్పుడు మొదలుపెట్టిన తేదీని పంపు మీద మార్కర్‌తో రాసివ్వడం ఫార్మసిస్టు పని.

స్పేసర్ ధర ఎక్కువని ఎవరైనా అంటే రెండు సంగతులు చెప్పండి. అది నెలనెలా కొనేది కాదు. రెండోది, అది లేనిచోట 500 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసాతో కూడా నడిచిందని దక్షిణాఫ్రికాలో ఉబ్బసం పిల్లల మీద చేసిన అధ్యయనంలో తేలింది. 1999లో అచ్చయింది. సీసా అడుగున పంపు మూతి ఆకారంలో వేడి తీగతో రంధ్రం చేసి, పంపు చుట్టూ గాలి పోకుండా అతికిస్తారు, సీసా మూతి వైపు పీలుస్తారు. ఇది స్పేసర్ ఇవ్వకపోవడానికి సాకు కాకూడదు. సరఫరా ఆగిన నెలలో పక్కనబెట్టకుండా వాడమని చెబుతున్నాం, అంతే.

స్పేసర్ శుభ్రం చేయడంలో శ్రద్ధ ఎక్కువై చెడుతుంది. వారానికో, రెండు వారాలకో గిన్నెలు తోమే సబ్బునీళ్లు గోరువెచ్చగా కలిపి ముంచి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరబెట్టాలి. తుడిస్తే ప్లాస్టిక్‌కు స్థిర విద్యుత్తు పట్టి మందు గోడలకే అంటుకుంటుంది. పంపు ప్లాస్టిక్ తొడుగును కూడా డబ్బా తీసి వారానికోసారి కడగాలి, లేకపోతే మొన మూసుకుపోతుంది. డబ్బాను మాత్రం తడపకూడదు. రెంటచింతల, రామగుండం ఎండల్లో బండి డిక్కీలో, ఆటో ముందు అద్దం దగ్గర వదలకూడదు. ఖాళీ అయినా నిప్పులో వేయకూడదు, పేలుతుంది.

నర్సులు ముందే చెప్పాల్సిన దుష్ఫలితాలు కొన్నే. సాల్బుటమాల్‌తో వణుకు, దడ. మోతాదు మించితే పొటాషియం పడిపోతుంది. ఇప్రాట్రోపియం, టయోట్రోపియంతో నోరు ఎండుతుంది. ప్రోస్టేట్ వాచిన మగవాళ్లకు మూత్రం బిగుసుకోవచ్చు. కంట్లో పడితే నీటికాసులు ఉన్నవాళ్లకు నొప్పి, ఒత్తిడి లేస్తాయి, అందుకే మాస్కు అంచు కళ్ల వైపు వదులుగా ఉండకూడదు. ఈ మందులు ఉమ్మెత్తలో ఉండే అట్రోపిన్ కుటుంబానివి. ఉబ్బసానికి ఉమ్మెత్త పొగ పీల్చే అలవాటు 1802 ప్రాంతంలో మద్రాసు నుంచే ఇంగ్లండుకు చేరిందని వైద్య చరిత్ర చెబుతుంది. పంపు పరాయిదని, అలవాటైతే మానలేమని జంకేవాళ్లకు ఈ ముక్క పనికొస్తుంది, కానీ ఉమ్మెత్త విషమనీ, పొగ ఎలాంటిదైనా ఊపిరితిత్తులకు కీడేననీ అదే వాక్యంలో చెప్పాలి.

ఆయాసం ముదిరి పీహెచ్‌సీకి వచ్చినప్పుడు నెబ్యులైజరే దిక్కని అనుకోనక్కర్లేదు. స్పేసర్‌తో ఒక్కొక్కటిగా నాలుగు నుంచి ఎనిమిది పఫ్‌లు, మొదటి గంటలో 20 నిమిషాలకోసారి ఇస్తే దాదాపు అదే గుణం. కరెంటు పోయినా ఆగదు. మాట పూర్తి చేయలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా, మగత, తికమక కనబడినా 108 పిలిచి పెద్దాసుపత్రికి పంపాలి. ఈలోపు ఆక్సిజన్ సీఓపీడీ రోగికి 88 నుంచి 92 శాతం మధ్యే నిలపాలి. సిలిండరు పూర్తిగా తిప్పి 99 చూపించడం సాయం కాదు. వీళ్లలో కొందరికి కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మగతలోకి జారిపోతారు. నెబ్యులైజర్ పెట్టినా గాలితో నడిచే కంప్రెసర్ మీద పెట్టి, ఆక్సిజన్‌ను ముక్కు గొట్టంతో విడిగా ఇవ్వడం మేలు.

ఇంతా చేసి మాకు కావలసింది చిన్నదే. ప్రతి పీహెచ్‌సీకి, బస్తీ దవాఖానాకు, గ్రామ ఆరోగ్య కేంద్రానికి మందు లేని నమూనా పంపు ఒకటి, స్పేసర్లు కొన్ని కావాలి. నమూనా పంపు పీల్చే మూతిని ఒకరి నుంచి ఒకరికి మార్చకూడదు, విడి మూతులు పంపండి. ఒక్కొక్కరితో అయిదు నుంచి పది నిమిషాలు కూర్చునే మనిషి కావాలి. నర్సు చేసి చూపించాలి, తర్వాత రోగి చేసి చూపించాలి, తప్పు దిద్దాక మళ్లీ చేయించాలి. నెల తిరిగేసరికి సగం మర్చిపోతారు, కాబట్టి ప్రతి ఎన్‌సీడీ రోజున మందు ఇచ్చేముందు ‘పంపు తీసి చూపించండి’ అనాలి. ఎన్‌సీడీ రిజిస్టరులో ‘ఇన్‌హేలర్ ఇచ్చాం’ అన్న గడి పక్కన ‘పీల్చడం చూశాం’ అన్న గడి గీయండి. ఆ గడిలో టిక్కుకు బదులు చూసినవాళ్ల పొడి సంతకం, కనబడిన తప్పు రాయించండి. ‘ముందే నొక్కాడు’, ‘మాస్కు కావాలి’, ‘పొడి లాగలేకపోతోంది’ ఇలాంటి మూడు మాటలు చాలు. జిల్లా అధికారి మూడు నెలలకోసారి ఆ గడులు కూడితే వచ్చే ఇండెంట్‌లో ఎన్ని మాస్కులు, ఎన్ని స్పేసర్లు రాయాలో అంకె అక్కడే దొరుకుతుంది.

ఇట్లు,
ఊపిరితిత్తుల జబ్బులు చూసే కొందరు వైద్యులు, ఫార్మసిస్టులు, నర్సులు